ఒకే పట్టా, ఇద్దరి బండ్లు

ఒకే పట్టా మీద ఇద్దరి బండ్లు నడవాలంటే దానికో వజా ఉండాలి. మోడల్ రైల్వే కట్టేవాళ్లకి ఇది మొదటి సబక్.

బొమ్మ రైలుకైతే ఏ వజా అక్కర్లేదు. గుండ్రంగా పట్టాలు వేసి ఆకుపచ్చ ఇంజనూ ఎర్ర ఇంజనూ ఒకదాని వెనక ఒకటి తిప్పుకోవచ్చు. ఎవరూ ఏమీ అడగరు. కానీ “ఇది ఫలానా జాగా, ఫలానా ఏడాది, ఆ రోజు ఆ కట్ట మీద నిలబడ్డ మనిషికి ఇదే కనపడేది” అని చెప్పుకోవాలని షౌఖ్ ఉంటే మాత్రం, ప్రతి ఇంజనూ జవాబు చెప్పాల్సిందే. నువ్వు ఇక్కడికెందుకొచ్చావు? ఎవరి ఇజాజత్‌తో వచ్చావు? ఈ పట్టా ఎవరిది?

ఇంత వయసొచ్చాక ఈ రైళ్ల పిచ్చేంటి ఆపా అని నవ్వుకుంటున్నారేమో. నవ్వుకోండి. నాకీ పిచ్చి పట్టించింది మా బిడ్డ. దానికి పన్నెండేళ్లు. మేముండేది ఇంగ్లండులో, బ్రిస్టల్‌లో. ఓ చారిటీ దుకాణంలో దానికి ఒక ఆకుపచ్చ ఇంజన్ దొరికింది. చిమ్నీకి రాగి రంగు మూత, పక్కన ఇత్తడి అక్షరాల పేరు. గ్రేట్ వెస్టర్న్ రైల్వేది. తర్వాత ఈదీ డబ్బులన్నీ ఆ రైల్వేకే పోయాయి. చాక్లెట్, మీగడ రంగుల బోగీలు కొన్నది. ఒక బోగీని ముందుకీ వెనక్కీ లాగే చిన్న ట్యాంక్ ఇంజన్ కొన్నది.

మా చిచ్చా కొడుకు టాంటన్‌లో ఉంటాడు. నాకు భాయీజాన్. మా ఇంటి నుంచి రైల్లో గంటలోపే. ఆయన కొడుక్కి పద్నాలుగేళ్లు. వాళ్ల పడోసీ ముసలాయన ఇల్లు ఖాళీ చేసి పోతూ ఒక పెట్టె ఇచ్చిపోయాడు. దాన్నిండా సదరన్ రైల్వే ఇంజన్లు, పచ్చ బోగీలు. ఒక ఎర్ర ఇంజన్ కూడా ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

గంట దూరంలో ఉన్నా మేం ఆరేళ్లు ఒకరి గడప ఒకరం తొక్కలేదు. బెజవాడలో దాదా ఇంటి గొడవ. ఓ ఈద్ మిలాప్‌లో పిల్లలిద్దరూ బిర్యానీ లైన్లో పక్కపక్కన నిలబడ్డారు. మాటల్లో రైళ్లు బయటపడ్డాయి. ఇంటికొచ్చాక మా బిడ్డ అడిగింది: “అమ్మీ, వాళ్లవీ మనవీ కలిపి ఒకటే కట్టుకోవచ్చా?”

పిల్ల అడిగింది రైళ్ల గురించే. నాకు మాత్రం ఇంకోలా వినపడింది. ఖామోష్‌గా ఉండి, “ఎక్కడ కలుస్తాయో వెతుకు, దొరికితే చూద్దాం” అన్నాను. దొరకదులే అనే ధీమాతో కాదు. దొరికితే బాగుండుననే అన్నాను.

ఇక్కడ కొంచెం తారీఖ్ చెప్పాలి, లేకపోతే ఈ వెతుకులాట అర్థం కాదు. బ్రిటన్‌లో రైళ్లు మొదట్నుంచీ ప్రైవేటు కంపెనీలవే. 1923 జనవరి 1న వందకు పైగా కంపెనీల్ని కుదించి నాలుగు చేశారు. గ్రేట్ వెస్టర్న్, సదరన్, ఎల్ఎంఎస్, ఎల్ఎన్ఈఆర్. 1948 జనవరి 1న ఆ నాలుగూ సర్కారు చేతికొచ్చి ఒకటైపోయాయి. మధ్యలో ఉన్న పాతికేళ్లంటే ఆవిరి ఇంజన్ల మోడల్ కట్టేవాళ్లకి ప్రాణం. ఎవరి రంగు వాళ్లది, ఎవరి సిగ్నళ్లు వాళ్లవి, ఎవరి ఇలాకా వాళ్లది. ఒక కంపెనీ ఇంజన్ ఇంకో కంపెనీ పట్టా మీద కనపడిందంటే దాని వెనక ఏదో కాగజ్ ఉన్నట్టే.

ఆ కాగజ్‌లు మూడు రకాలని చదివాక తెలిసింది. మొదటిది, లైనే ఇద్దరిది. ఖర్చూ లాభమూ ఇద్దరూ పంచుకుంటారు. మన భాషలో సాంఝా ఆస్తి. రెండోది, స్టేషన్ ఒక్కటే సాంఝా, బయటికి పోయే దార్లు ఎవరివి వాళ్లవి. మూడోది రన్నింగ్ పవర్స్. లైను ఒకరిది. దాని మీద తన ఇంజన్‌తో, తన మనుషులతో బండి నడుపుకునే హక్కు ఇంకొకరిది. ఆ బండి మెహమాన్ కాదు. మేజ్‌బాన్‌కి ఆ పూట మూడ్ బాగోకపోయినా ఆపలేడు. అలాగని మాలిక్కూ కాదు. హక్కుదారు.

మొదటి రకానికి మషూర్ మిసాల్ సోమర్‌సెట్ అండ్ డార్సెట్ లైను. బాత్ నుంచి కొండలెక్కి దిగి సముద్రం పక్క బోర్న్‌మత్‌కి పోయేది. 1875లో మిడ్లాండ్, లండన్ అండ్ సౌత్ వెస్టర్న్ అనే రెండు కంపెనీలు కలిసి లీజుకి తీసుకున్నాయి. తర్వాత ఆ వాటాలు ఎల్ఎంఎస్‌కీ సదరన్‌కీ వచ్చాయి. 1930 నుంచి ఇంజన్ల ఇంతెజాం ఎల్ఎంఎస్‌ది, పట్టాలూ సిగ్నళ్లూ సదరన్‌వి. 1966 మార్చిలో మూసేశారు. ఇక్కడి మోడల్ వాళ్లకి ఆ లైనంటే ఇష్క్. దుకాణాల్లో దాని పుస్తకాలు ఒక అరనిండా ఉంటాయి. భాయీజాన్ కొడుకు దాని మీదే మనసు పడ్డాడు. ఎర్ర ఇంజన్ ఎల్ఎంఎస్‌ది కాబట్టి దానికీ అక్కడ చోటు దొరుకుతుంది.

“అందులో నా ఇంజన్లేవి?” అని అడిగింది మా బిడ్డ. గ్రేట్ వెస్టర్న్‌కి ఆ సాంఝాలో హిస్సా లేదు. ఫోన్లో కాసేపు ఇద్దరూ మాట్లాడుకోలేదు. కాసేపటికి అబ్బాయే అన్నాడు: “సరే, ఇద్దరివీ ఉండే చోటు చూద్దాం.”

స్కాట్లాండ్ సరిహద్దులో కార్లైల్ స్టేషన్ చూశారు. 1923కి ముందు అక్కడికి ఏడు కంపెనీల బండ్లు వచ్చేవి. కానీ అందులో పిల్లల కంపెనీలు రెండూ లేవు. పైగా ఆ స్టేషన్ కట్టాలంటే ఇల్లు చాలదు, కళ్యాణ మండపం కావాలి.

తర్వాత డెవన్ జిల్లాలో లిడ్‌ఫర్డ్. డార్ట్‌మూర్ బీడు అంచున చిన్న ఊరు. గ్రేట్ వెస్టర్న్ స్టేషనూ సదరన్ స్టేషనూ పక్కపక్కనే ఉండేవి. ఇద్దరికీ కలిపి ఒకే సిగ్నల్ క్యాబిన్. లోపల రెండు లివర్ల బల్లలు, ఒకటి వీళ్లకి, ఒకటి వాళ్లకి. పిల్లలకి భలే నచ్చింది. నాకూ నచ్చింది, కానీ ఒక మాట అన్నాను. ఈ పాతికేళ్లలో అక్కడ ఎవరి బండి వాళ్ల పట్టా మీదే పోయేది. పక్కపక్కన ఉండడం వేరు, ఒకే పట్టా మీద నడవడం వేరు. మధ్యలో గోడ పెట్టుకుని పక్కపక్కన ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

చివరికి ఎగ్జెటర్ దొరికింది.

ఎగ్జెటర్ సెయింట్ డేవిడ్స్ స్టేషన్లో ఒక తమాషా ఉండేది. గ్రేట్ వెస్టర్న్ బండి లండన్ పోవాలంటే ఉత్తరానికి బయల్దేరేది. సదరన్ బండి లండన్ పోవాలంటే దక్షిణానికి బయల్దేరి, 37 అడుగులకి ఒక అడుగు లేచే ఎత్తు ఎక్కి సెంట్రల్ స్టేషన్‌కి పోయేది. ప్లిమత్ సంగతీ అంతే. గ్రేట్ వెస్టర్న్‌ది దక్షిణంగా సముద్రపు గోడ వెంట డాలిష్ మీదుగా పోయేది. సదరన్‌ది ఉత్తరంగా బయల్దేరి ఓక్‌హాంప్టన్ మీదుగా బీడు చుట్టి పోయేది. అంటే ఒకే ఊరికి పోయే రెండు బండ్లు ఒకే స్టేషన్లో ఒకదానికొకటి వీపు తిప్పుకుని నిలబడేవి. కొత్త ముసాఫిర్లు పరేషాన్ అయ్యుంటారు.

ఈ తమాషాకి కారణం ఒక చిన్న ముక్క. స్టేషన్ నుంచి ఉత్తరానికి కౌలీ బ్రిడ్జ్ జంక్షన్ దాకా, సుమారు మైలుంపావు. అక్కడ సదరన్ బండ్లు పడమరకి తిరిగి తమ దారి పట్టేవి. మధ్యలో ఈ మైలుంపావు మాత్రం పరాయి లైను. 1862లో సదరన్ పూర్వీకుడైన సౌత్ వెస్టర్న్ కంపెనీకి దాని మీద నడిచే హక్కు వచ్చింది. అప్పట్లో ఆ లైను బ్రిస్టల్ అండ్ ఎగ్జెటర్ కంపెనీది, తర్వాత అది గ్రేట్ వెస్టర్న్‌లో కలిసింది. ఇంకో చిక్కు కూడా ఉండేది. వీళ్లది ఏడడుగుల బ్రాడ్ గేజి, వాళ్లది 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలది. అందుకని ఉన్న రెండు పట్టాల మధ్య మూడో పట్టా వేశారు. వెడల్పు బండి, ఇరుకు బండి రెండూ అదే దారిన పోయేవి. మా దాదా ఉంటే ఇది విని మురిసిపోయేవారు. ఆయన బెజవాడ లోకో షెడ్డులో ఫైర్‌మన్. 1889లో బెజవాడ చేరిన నిజాం రైల్వే బండ్లు, మద్రాసు వైపు కంపెనీ బండ్లు ఆ జంక్షన్‌లో కలుసుకోవడం కళ్లారా చూసినాయన. “నిజాం బండొచ్చింది, మద్రాసు బండొచ్చింది” అని మాకు చుట్టాల రాకలా చెప్పేవారు.

ఇక హిసాబ్. పిల్లల ఇంజన్లు డబుల్ ఓ సైజువి. అసలు దాంట్లో ఒక అడుగు ఇక్కడ 4 మిల్లీమీటర్లు. 60 అడుగుల బోగీ 24 సెంటీమీటర్లవుతుంది. ఒక మైలు 21 మీటర్లు దాటుతుంది. మైలుంపావు కట్టాలంటే 26 మీటర్ల గది కావాలి. మా దగ్గరున్నది భాయీజాన్ ఇంటి గరాజులో 12 అడుగుల గోడ. అందుకని స్టేషన్ వదిలేసి జంక్షన్ ఒక్కటే కట్టాలని ఫైసలా అయింది. ప్లాట్‌ఫారాల్లేవు, పెద్ద కట్టడాల్లేవు. రెండు దార్లు కలిసే చోటు, నది, వంతెన, సిగ్నల్ క్యాబిన్, పచ్చిక. రెండు చివర్లా పరదా వెనక బండ్లు నిలబెట్టుకునే అరలు. వాటిని ఫిడిల్ యార్డ్ అంటారు. ఒక పక్క అర “స్టేషన్”. రెండో పక్క రెండు అరలు, ఒకటి టాంటన్ దారి, ఒకటి క్రెడిటన్ దారి.

చిన్న జాగాలో పెద్ద లైను కడితే బండ్లు పొట్టివై అబద్ధంలా కనపడతాయి. ఇక్కడ ఆ బాధ సగం తీరిపోయింది. సదరన్ వాళ్ల మషూర్ బండి అట్లాంటిక్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ లండన్ నుంచి ఎగ్జెటర్ సెంట్రల్ దాకా పొడుగ్గా వచ్చి, అక్కడ ముక్కలయ్యేది. ఒక ముక్క ప్లిమత్‌కి, ఒకటి ఇల్‌ఫ్రాకోమ్‌కి, ఒకటి ప్యాడ్‌స్టోకి. కాబట్టి కౌలీ బ్రిడ్జ్ దగ్గర రెండు మూడు బోగీల సదరన్ బండి కనపడితే అది నిజమే. గ్రేట్ వెస్టర్న్ ఎక్స్‌ప్రెస్సులు మాత్రం పొడుగువి, అవి మా గోడకి పట్టవు. అందుకని మా బిడ్డ టాంటన్ పోయే పాసింజర్‌ని ఎంచుకుంది. ఇంకా ఎక్స్ నది వెంట టివర్టన్ పోయే చిన్న బండి ఉండేది, చిన్న ట్యాంక్ ఇంజన్‌తో ఒకటో రెండో బోగీలు. అది కూడా ఈ జంక్షన్ దాటే పోయేది. దాని దగ్గరున్న చిన్న ఇంజన్‌కి అలా ఇజ్జతైన నౌకరీ దొరికింది. గూడ్స్‌కి ఓక్‌హాంప్టన్ దగ్గర మెల్డన్ క్వారీ ఉంది. సదరన్ వాళ్లు పట్టాల కింద పోసే కంకర అక్కణ్నుంచే వచ్చేది.

ఎర్ర ఇంజన్‌కి మాత్రం ఏ వజా దొరకలేదు. అబ్బాయి మూడు రోజులు వెతికాడు. ఎవరూ వద్దనలేదు, తనే దాన్ని తీసి కిటికీ గట్టు మీద పెట్టుకున్నాడు. “దీని ఊరు వేరే ఫుప్పూ” అన్నాడు నాతో. ఆరేళ్ల తర్వాత వాడు నన్ను ఫుప్పూ అని పిలవడం అదే మొదటిసారి.

ఏడాది 1947 అనుకున్నారు. 1945లో సదరన్ కొత్త ఇంజన్లు తెచ్చింది, వెస్ట్ కంట్రీ క్లాసువి. వాటిలో మొదటిదాని పేరే ఎగ్జెటర్. అబ్బాయి దగ్గర ఆ క్లాసుదే ఒకటుంది. 1948 వస్తే కంపెనీలుండవు. అందుకని 1947 ఎండాకాలం. మన ఇళ్లల్లో 1947 అంటే ఇంకో సంగతి గుర్తొస్తుంది కదా. ఆ ఏడాది జూలైలో మన బట్వారాకి చట్టం చేసిన పార్లమెంటే ఆగస్టులో ఇక్కడి నాలుగు రైల్వేల్ని ఒకటి చేసే చట్టం కూడా చేసింది. పిల్లలకి ఇది చెబితే నమ్మలేదు, తారీఖులు చూపించాల్సొచ్చింది.

ఓ శనివారం అందరం కలిసి ఎగ్జెటర్ పోయాం. టాంటన్ వైపు నుంచి పోతుంటే సెయింట్ డేవిడ్స్‌కి కాస్త ముందు కుడి చేతి వైపు నుంచి ఒక లైనొచ్చి కలుస్తుంది. అదే కౌలీ బ్రిడ్జ్. ఇప్పటికీ బార్న్‌స్టేపుల్, ఓక్‌హాంప్టన్ బండ్లు అక్కడ కలుస్తాయి. రైలు దాన్ని కొన్ని సెకన్లలో దాటేసింది. పిల్లలు కిటికీకి ముక్కులు ఆనించి చూశారు. భాబీ తెచ్చిన ఖీమా సమోసాలు చల్లారిపోతున్నా ఎవరూ ముట్టలేదు.

సిగ్నళ్ల దగ్గర మళ్లీ కొంచెం వాదన నడిచింది. గ్రేట్ వెస్టర్న్ సిగ్నల్‌కి దారి ఇస్తే రెక్క కిందికి వాలుతుంది. సదరన్ కొత్త సిగ్నల్‌కి రెక్క పైకి లేస్తుంది. ఒకరి సలామ్ కిందికి, ఒకరి సలామ్ పైకి. సాంఝా ముక్కలో ఎవరిది పెట్టాలి? పట్టా గ్రేట్ వెస్టర్న్‌ది కాబట్టి వాళ్ల అదబే నడవాలి, జంక్షన్ దాటి సదరన్ ఇలాకాలోకి పోయాక వాళ్లది. అబ్బాయి వెంటనే ఒప్పుకున్నాడు. “నేను వాళ్లింట్లోంచి నడుస్తున్నా కదా” అన్నాడు.

ఆ మాటకి భాయీజాన్ తలొంచుకుని చాయ్ కలుపుతూ ఉండిపోయాడు. ఎందుకో చెప్పాలంటే ఇప్పుడా ఇంటి సంగతి చెప్పాలి.

బెజవాడలో దాదా ఇల్లు పొడుగ్గా ఉంటుంది. సడక్ వైపు భాగం మా అబ్బాకి, వెనక భాగం చిచ్చాకి. వెనకవాళ్లు సడక్ మీదికి రావాలంటే మా ఆంగన్ పక్కగా నాలుగడుగుల దారి. దాదా ఉన్నంతకాలం అది దారే, దానికి పేరు లేదు. “వాళ్లు ఇటే నడుస్తారు” అని నోటి మాటగా చెప్పి పోయారాయన. ఇంటి పట్టాలో ఆ మాట లేదు. తర్వాత ఆ దారిలో ఒక స్కూటర్ నిలబడింది. ఇంకొన్నాళ్లకి పూలకుండీలొచ్చాయి. ఓ వానాకాలం గేటొచ్చింది, గేటుకి తాళమొచ్చింది. తాళం ఎవరి జిద్దు వల్ల పడిందో ఈనాటికీ రెండు వైపులా రెండు కథలున్నాయి. చిచ్చా వెనక గోడ పగలగొట్టి మురుగు గల్లీలోకి ఒక తలుపు పెట్టుకున్నారు. ఆరేళ్ల కింద చాచీ పోయినప్పుడు ఆమె జనాజా ఆ గల్లీలోంచే పోయింది. గేటు తియ్యమని వాళ్లు అడగలేదు. తీస్తామని మావాళ్లు చెప్పలేదు. మరుసటేడు అబ్బా పోయారు. ఇప్పుడు ముందు భాగం అమ్మీది, మా తమ్ముడిది, నాది. చిచ్చాకి 78 ఏళ్లు.

ఆ రెండు రైల్వే కంపెనీలకి ఒకరంటే ఒకరికి మొహబ్బత్ ఏమీ లేదు. డెవన్ అంతటా ముసాఫిర్ల కోసం పోటీపడి కొట్టుకున్నవాళ్లే. అయినా దాదాపు తొంభై ఏళ్లు ఆ మైలుంపావు మీద ఒకరి బండి ఒకరు ఆపలేదు. ఎందుకంటే అది ఎవరి మంచితనం మీదా వదిలెయ్యలేదు. హక్కు కాగితం మీద ఉంది. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, ఏ షరతు మీద, అన్నీ ఉన్నాయి. ఒక షరతైతే నాకు భలే నచ్చింది. సదరన్ బండి ఏదైనా సరే, ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్ అయినా సరే, సెయింట్ డేవిడ్స్‌లో ఆగి తీరాలి. మా ఇంట్లోంచి పోతున్నావు, పలకరించకుండా పోవద్దు అన్నట్టు.

ఇంకొకటి కూడా చదివాం. డాలిష్ దగ్గర సముద్రం పోటెత్తితే గ్రేట్ వెస్టర్న్ లైను ఆగిపోయేది. అప్పుడు బండ్లు సదరన్ దారిన పోవాలి. దానికి డ్రైవర్లకి ఆ దారి తెలిసుండాలి. అందుకని మామూలు రోజుల్లోనే వీళ్ల బండొకటి వాళ్ల దారిన, వాళ్ల బండొకటి వీళ్ల దారిన ప్లిమత్‌కి నడిపేవాళ్లు. తుఫాను రాకముందే ఒకరి మలుపులు ఒకరు నేర్చుకునేవాళ్లు. 1968లో ఓక్‌హాంప్టన్ నుంచి ప్లిమత్ వైపు పోయే లైను మూసేశారు. 2014 ఫిబ్రవరిలో డాలిష్ దగ్గర సముద్రం గోడని కూల్చి పట్టాల్ని గాలిలో వేలాడదీసినప్పుడు, మళ్లించడానికి రెండో దారి లేదు. రెండు నెలలు ప్లిమత్‌కీ దానవతల కార్న్‌వాల్‌కీ రైలు లేదు.

భాయీజాన్ ఇది చదివిన రాత్రి నాకు ఫోన్ చేశాడు. సలామ్ అయ్యాక సూటిగా అడిగాడు: “చెల్లీ, మనమూ ఒక కాగజ్ రాసుకుందామా?”

రాస్తున్నాం. ఆయన అక్కడ, నేనిక్కడ, ఫోన్లో ఒక్కో షరతూ. దారి నాలుగడుగులు, తగ్గకూడదు. అందులో ఏ బండీ నిలపకూడదు. గేటు ఉండొచ్చు, తాళం ఉండకూడదు. మిల్కియత్ ముందువాళ్లదే, రాకపోకల హక్కు వెనకవాళ్లది, వాళ్ల తర్వాత వాళ్ల పిల్లలది. వెనకవాళ్లు ఆ దారిలో గోడగానీ మెట్టుగానీ కట్టకూడదు. బీమారీ మనిషినైనా, పెళ్లికూతురినైనా, జనాజానైనా సడక్ దర్వాజాలోంచే తీసుకుపోవాలి. ఈ ఆఖరి షరతు భాయీజాన్ చెప్పలేదు, నేను చెప్పాను. అటువైపు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “రాయి” అన్నాడు.

సెయింట్ డేవిడ్స్ షరతు సంగతి అమ్మీకి చెబితే, “అది కూడా రాయించు. ఇటునుంచి పోయేవాళ్లు నా దగ్గర ఆగి సలామ్ చెప్పి పోవాలి” అన్నది. భాయీజాన్ ఆ మాట చిచ్చా చెవిన వేశాడు. “ఆగితే చాయ్ ఇస్తుందా వదిన, అడుగు” అన్నారట ఆయన. ఆరేళ్ల తర్వాత ఆ రెండు గదుల మధ్య నడిచిన మొదటి మాట ఇంగ్లండు చుట్టి పోయింది. పోతే పోయింది.

పని ఇంకా అవలేదు. మా తమ్ముడు దస్తఖత్ చెయ్యలేదు. “ఇన్నాళ్లూ లేని కాగజ్ ఇప్పుడెందుకు” అంటాడు. వాడి డరు నాకు తెలుసు. ఒకసారి రాసిచ్చాక అది తిరిగి రాదు. నిజమే, తిరిగి రాదు. అందుకే కదా అది హక్కయ్యేది. రేపు ఆ ఇల్లు వాడిది కాకుండా పోయినా, చిచ్చాది కాకుండా పోయినా, ఆ నాలుగడుగులు ఎవరి మూడ్ మీదా ఉండకూడదు. వచ్చే సెలవుల్లో బెజవాడ పోతున్నాను. నా దస్తఖత్ ముందు పెట్టి కాగజ్ వాడి ముందుంచుతాను. జబర్దస్తీ చెయ్యను. దాదా ఎటు నడిచేవారో వాడికీ యాదే.

ఈలోగా బోర్డుల పని నడుస్తోంది. నాలుగడుగులవి మూడు. ఒకటి మా ఇంట్లో, ఒకటి వాళ్లింట్లో తయారవుతున్నాయి. మధ్యది, జంక్షన్ ఉన్న బోర్డు, పిల్లలిద్దరూ కలిసి కడతామన్నారు. వేర్వేరు ఇళ్లలో కట్టిన బోర్డులు కలవాలంటే అంచులు ఒకే కొలతలో ఉండాలి. పట్టా చివర్లు అర మిల్లీమీటర్ పక్కకి జరిగినా బండి పడిపోతుంది. అందుకని అబ్బాయి ఒక చెక్కముక్కకి బోల్టుల చిల్లులు పెట్టి నమూనా చేశాడు. దాన్ని మా ఇంటికి పోస్టులో పంపాడు, మేం మా బోర్డుకి దాన్ని ఆనించి చిల్లులు వేసి తిరిగి పంపాలి. నిన్న వేశాం. మా బిడ్డ నమూనాని కాగితంలో చుడుతూ దాని మీద పెన్సిల్‌తో రాసింది: “మీ వైపు కూడా సరిచూసుకో.”